షట్టరు కింద ఇటుక

నిద్రపోతున్న మనిషిని పిలిస్తే పలక్కపోవడం. నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం అదే. దయ్యాలంటే భయం లేదు, దొంగలంటే లేదు. మా అత్తగారంటే కొంచెం ఉంది గానీ అది వేరే సంగతి. మంచం మీద పాప పడుకుని ఉంటుంది. "బుజ్జీ" అంటాను. కదలదు. నా పైప్రాణాలు పైనే పోతాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలాకే నేను ఊపిరి పీలుస్తాను. ఈలోపు అది లేచి రాగం అందుకుంటుంది. హాయిగా పడుకున్న పిల్లని లేపి ఏడిపించే తల్లిని నన్నే చూశామని ఇంట్లో అందరూ అంటారు. నాకు "పిరికి పిట్ట" అని పేరు పెట్టింది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు.

ఆయనకి వీధి పెట్టిన పేరు సైలెన్సర్. నోరు మూత పడదు కాబట్టి ఆ పేరు. ఇంజను విప్పుతూ మాట్లాడతాడు, బిగిస్తూ మాట్లాడతాడు, నోట్లో బోల్టు పెట్టుకుని కూడా మాట్లాడతాడు. పెళ్లి చేసుకోలేదు. "నీ మాటలు వినడానికి రెండో మనిషికి చోటేదిరా, అందుకే ఏ పిల్లా రాలేదు" అంటుంది అత్తగారు.

మా ఇల్లు షెడ్డు మీద ఉంది. కింద కార్లు, పైన మేము. ఒక గది, ఒక వంటగది, పక్కనుంచి మెట్లు, ఆ పైన బట్టలారేసుకునే డాబా. గదిలో అత్తగారి మంచం పక్కన నేలలో ఒక కన్నం ఉంది. ఇంజనుని పైకెత్తే గొలుసు వేలాడదియ్యడానికి శ్లాబు పోసినప్పుడే వదిలిన కన్నం అది. ఆ గొలుసు ఏనాడూ వేలాడదియ్యలేదు. కన్నం మాత్రం ఉండిపోయింది. దాని మీద ఒక చెక్క, చెక్క మీద చాప, చాప మీద మా పాప బొమ్మలు.

మా మామగారిని నేను చూడలేదు. షెడ్డు గోడ మీద ఫొటోలో ఉంటాడు, గ్రీజు చేతులు కనపడకుండా వెనక్కి కట్టుకుని. ఆయన నేర్పిన పద్ధతి ఒకటి ఈ అన్నదమ్ములకి వేదవాక్కు. ఇంజను నుంచి పొగ గొట్టం దాకా ఉన్న అతుకుల్లో ఎక్కడైనా పొగ కారుతుంటే అది కంటికి కనపడదు, చెవికే దొరుకుతుందనేవాడట. ఒక రబ్బరు గొట్టం తీసుకోవాలి. ఒక కొస చెవిలో, రెండో కొస అతుకుల వెంట. కారే చోట టిక్ టిక్‌మంటుంది. వీధి చప్పుడు అడ్డం రాకుండా షట్టరు దించేసుకోవాలి. ఇంజను నడుస్తుండగా షట్టరు దించేసుకుని, లోపల కూర్చుని వినాలి. "మాది చెవి వంశం" అంటాడు బావగారు. పది మంది మెకానిక్కులు వదిలేసిన కారు మా షెడ్డుకి వస్తే, ఆ అన్నదమ్ములు షట్టరు దించుకుని వైద్యుడు నాడి చూసినట్టు చూసి పంపేవాళ్లు. అందుకే మా షెడ్డుకి పేరు.

నాకు తలనొప్పి మొదలైంది ఆ షట్టరు వల్లేనని తెలియడానికి చాలా కాలం పట్టింది. మొదట ఎండ అనుకున్నాను. తర్వాత పాలిచ్చే తల్లికి నీరసం మామూలే అన్నారు. పాప కూడా కొన్ని మధ్యాహ్నాలు మొద్దు నిద్రపోయేది. లేపితే తల వాల్చేసేది, తాగిన పాలు కక్కేది. నేను చదివింది తొమ్మిదో తరగతి సగం దాకా. మా నాన్న కాలు విరగ్గొట్టుకున్న ఏడాది బడి మానిపించారు, మళ్లీ పంపలేదు. అయినా కళ్లున్నాయి కదా. పుట్టింటికి వెళ్తే నాకు తల నొయ్యదు, పాప కక్కదు. తిరిగొచ్చాక షట్టరు దించిన రోజు నొస్తుంది, ఎత్తిన రోజు నొయ్యదు. ఈ సంగతి చెప్పడానికి పెద్ద చదువెందుకు?

ఒకరోజు అందరూ ఉండగా చెప్పాను. అత్తగారు నవ్వింది. "పుట్టింట్లో రాని నొప్పి అత్తింట్లోనే వస్తోందంటే, అది తలనొప్పి కాదమ్మా. దానికి మందు లేదు."

"నిజమే అమ్మా" అన్నాడు బావగారు, "పిట్టకి గూడు మారితే పడదు."

మా ఆయన నవ్వలేదు. నవ్వకపోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఆయన మంచివాడు. మంచివాళ్ల మీద వచ్చినంత కోపం నాకు చెడ్డవాళ్ల మీద కూడా రాదు.

అలా ఉండగా ముసలి కారు వచ్చింది.

ఆ కారు దాని ఆసామి తండ్రి కొన్నదట. గుండ్రటి దీపాలు, ముందు వెండి పళ్ల వరస, తలుపు వేస్తే బీరువా మూసినంత చప్పుడు. పాత కార్ల ఊరేగింపు ఒకటి జరగబోతోంది, అందులో నడపాలని ఆసామి సరదా. ఊరికే నడిస్తే చాలదు, గర్జించాలి. "వీధి ఆ చివర్నించి వస్తుంటే ఈ చివర వాళ్లు తలుపులు తియ్యాలి" అన్నాడు.

గర్జించాలంటే హెడర్లు పెట్టాలి. మా ఆయన భోజనం చేస్తూ కంచం మీద వేలితో గీసి చెప్పాడు. పాత కార్లలో ఇంజను పక్కన పోత ఇనుముతో చేసిన మానిఫోల్డ్ ఉంటుంది. నాలుగు సిలిండర్ల పొగా అందులోనే పడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి పోతుంది. దాన్ని పీకేసి, ఒక్కో సిలిండరుకి ఒక్కో గొట్టం పెడతారు. చేతి వేళ్లు విడివిడిగా వచ్చి మణికట్టు దగ్గర కలిసినట్టు, ఆ నాలుగూ కిందికి వచ్చి ఒక్కటవుతాయి. పొగకి తోపులాట ఉండదు, బండికి ఊపిరి ఆడుతుంది. "కారుకి ఊపిరాడుతుంది" అని మా ఆయన మురిసిపోయాడు. "మాకో?" అన్నాను. కంచం పక్కకి జరిపి లేచి వెళ్లాడు.

కంపెనీ వాళ్లు చేసినవి కావు ఆ హెడర్లు. ఆసామి ఎక్కడినుంచో తెప్పించాడు. పెట్టెలో మెరిసిపోతూ వచ్చాయి, నల్లటి పూతతో. పాత మానిఫోల్డ్ విప్పడానికే వాళ్లకి చుక్కలు కనపడ్డాయి. బోల్టులన్నీ తుప్పు పట్టి ఇంజనులో ఇంజను అయిపోయాయి. నూనె పోశారు, మంట పెట్టారు, తిట్టారు. ఒక బోల్టు మెడ దగ్గర తెగి లోపలే ఉండిపోయింది. దాన్ని తొలిచి తీసేసరికి బావగారు తన ముందు ఏడు తరాల మెకానిక్కులనీ తలుచుకున్నాడు. ఊడిన మానిఫోల్డ్‌ని బయట పాత ఇనప సామాను కుప్పలో పడేశారు. మూరెడు పొడుగు, పిండి రుబ్బే పొత్రమంత బరువు.

కొత్త హెడర్లు కూర్చోలేదు. మూడో గొట్టం స్టీరింగ్ కడ్డీకి తగులుతోంది. మెట్ల మీద పాపని ఎత్తుకుని నిలబడి నేను అంతా చూస్తూనే ఉన్నాను.

"వెనక్కి పంపేద్దాం అన్నయ్యా. ఇది ఈ బండికి చేసింది కాదు" అన్నాడు మా ఆయన.

"ఊరేగింపు ముందర వెనక్కి పంపుతావా? కాల్చి ఒక్కటిస్తే లోపలికి పోతుంది."

"కొడితే అంచు వంకర పోతుంది. ఇంజనుకి ఆనదు. పొగ కారుతుంది."

"కారితే బోల్టు లాగుతుంది. బోల్టు లాగకపోతే మధ్యలో వేసే గ్యాస్కెట్ రేకు మింగుతుంది. గ్యాస్కెట్ మింగకపోతే నీ చెవి ఉంది, నా చెవి ఉంది. ఏరా, నాన్న కొడుకువేనా?"

కాల్చాడు, కొట్టాడు. గొట్టం నడుముకి సొట్ట పడింది. లోపలికి పోయింది కూడా. అంచు పిసరంత లేచింది. ఆకురాయితో సమం చేద్దామని మా ఆయన అన్నాడు. "సమం చేసుకుంటూ కూర్చుంటే ఊరేగింపు మన షెడ్డులోనే జరుపుకోవాలి" అని బావగారు బోల్టులు బిగించేశాడు.

మర్నాడు ఇంజను వేడెక్కించాలి. కొత్త హెడర్లకి అదొక తంతు. మొదటిసారి బాగా కాలనివ్వాలి. పూత మాడి తెల్లటి పొగ వస్తుంది, కంపు కొడుతుంది. వేడికి ఇనుము సాగుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. అప్పుడు మళ్లీ బిగించాలి. అంతసేపూ ఇంజను నడవాల్సిందే, అంతసేపూ ఈ అన్నదమ్ములు వినాల్సిందే.

ఆ పొద్దున మా ఆయన్ని మెట్ల దగ్గర ఆపాను.

"షట్టరు దించడానికి వీల్లేదు."

"తీసి ఉంచితే ఏమీ వినపడదే. పైగా దీని మోతకి వీధంతా మీద పడుతుంది."

"పడనీండి. పిల్ల కక్కుతోంది, నాకు తల పగిలిపోతోంది, మీరూ సాయంత్రానికి కళ్లు ఎర్రగా చేసుకుని వస్తున్నారు. మీ నాడి ఎవరు చూస్తారు?"

"అన్నయ్య ఒప్పుకోడు."

"మీరు కట్టుకుంది నన్నా, మీ అన్నయ్యనా?"

ఆ మాటకి కొంచెం దిగాడు. ప్రహరీ పక్కన పడున్న ఇటుక ఒకటి తెచ్చాడు. "షట్టరు దించుతాను, కింద ఈ ఇటుక పెడతాను. నిలువుగా పెడతాను. సందు ఉంటుంది, గాలాడుతుంది. ఒట్టు. సరేనా?"

సరే అన్నాను. ఇటుక ఎత్తు సందు చాలదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకది పెద్ద గెలుపు.

పాపని గదిలో పడుకోబెట్టమంది అత్తగారు. నేను వినలేదు. పిల్లని చంకనేసుకుని, తడి బట్టల బక్కెట్టు పట్టుకుని డాబా మీదికి పోయాను. "ఎండలో పిల్లని మాడుస్తావా? నిద్రపోయే పిల్లకి కూడా నీ భయం అంటించావు" అని కింద నుంచి వినపడుతూనే ఉంది. నీళ్ల తొట్టి నీడలో పాత దుప్పటి వేసి కూర్చోబెట్టాను. బట్టల క్లిప్పులు నోట్లో పెట్టుకుంటూ ఆడుకుంది.

కింద ఇంజను అందుకుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, గొప్పగా ఉంది. డాబా గోడ వణికింది. పాప నోరు తెరిచి నావైపు చూసింది. బావగారి కేక వీధంతా వినపడింది, "ఒరేయ్, విన్నావా! గొంతు వచ్చిందిరా ముసల్దానికి!" తర్వాత ఏవో మాటలు, షట్టరు దిగిన చప్పుడు. ఆసామిని తీసుకొస్తానంటూ బావగారి స్కూటరు వెళ్లిపోయింది.

వాళ్లు వినే పద్ధతి నాకు కంఠతా వచ్చు. ఇంజను నెమ్మదిగా నడుస్తుంటుంది. ఒక అతుకు చూడగానే ఒకసారి రైజ్ చేస్తారు. ఇంజను లేస్తుంది, దిగుతుంది. మళ్లీ ఇంకో అతుకు, మళ్లీ రైజ్. ఎవరో దగ్గుతూ పని చేసుకుంటున్నట్టుంటుంది. దుప్పట్లు ఆరేస్తున్నాను, వింటున్నాను. లేచింది, దిగింది. లేచింది, దిగింది. తువ్వాలు ఆరేశాను. లంగా ఆరేశాను. లేవలేదు.

చూస్తున్నాడు కాబోలు అనుకున్నాను. పాప గౌన్లు ఆరేశాను. లేవలేదు. స్విచ్చి ఆపడం మరిచిపోయి వదిలేసిన మిక్సీలా, అదే గొంతుతో ఒకే తీరుగా మోగుతోంది ఇంజను. చెయ్యి పడని మోత అది. దాని దగ్గర మనిషి లేడు, ఉన్నా కదలడం లేదు.

పాపని ఎత్తుకుని దిగాను. గది గుమ్మంలోంచి "అత్తయ్యా!" అని అరిచాను. పలకలేదు. "అత్తయ్యా!"

"ఏం, కొంపలంటుకున్నాయా?"

ఆవిడ తిట్టు అంత తియ్యగా నాకెప్పుడూ వినపడలేదు. "లేవండి, మెట్ల మీదికి రండి, లోపల ఉండొద్దు" అని చెయ్యి పట్టి లాగాను. లేచి తూలింది. "కళ్లు తిరుగుతున్నాయేమిటే" అంటూ మెట్ల మీద కూలబడింది.

వీధిలోకి వచ్చాను. షట్టరు నేలదాకా దిగి ఉంది. ఇటుక గోడ పక్కన కాలవ గట్టు మీద అడ్డంగా పడుంది, ఎవరో కాలితో తన్నినట్టు.

ఎవరు తన్నారో తర్వాత తెలిసింది. వెళ్తూ వెళ్తూ బావగారు తన్నాడు, "వీధి చప్పుడంతా ఈ సందులోంచే వస్తోంది, తీసి పారెయ్" అని. మరి లోపల గడియ పెట్టుకున్నది ఎవరు? ఒట్టు వేసిన మంచివాడు. వీధి పిల్లలు షట్టరెత్తి తొంగి చూస్తున్నారట, పని చెడుతోందట.

బాదాను. "ఏవండీ! ఏవండీ!" ఇంజను తప్ప ఎవరూ పలకలేదు.

ఎదురుగా ఇస్త్రీ బండి దగ్గర ఇస్త్రీ వదిన నవ్వింది. "ఏం పిట్టా, ఇవాళ కూడానా?" టీ తాగుతున్న ఎవరో మగాడు, "మొగుడు లోపల్నించి గడియ వేసుకున్నాడు పాపం, ప్రశాంతత కోసం" అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను చూస్తే నవ్వు రావడం ఆ వీధికి అలవాటైపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేనెవర్నీ క్షమించలేదు.

పాపని ఇస్త్రీ వదిన చేతుల్లో కుక్కాను. "పట్టుకో. నవ్వావంటే చంపేస్తాను." ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇనప సామాను కుప్పలో ఆ పాత మానిఫోల్డ్ కనపడింది. రెండు చేతులా ఎత్తాను. ఎలా ఎత్తానో తెలియదు, మర్నాడు నడుము పట్టేసింది. గడియ ఉండే మూల మీద కొట్టాను. రేకు సొట్ట పోయింది. మళ్లీ కొట్టాను. బావగారి పేరు తలుచుకుని ఒకటి, ఒట్టు తలుచుకుని ఒకటి, "పిరికి పిట్ట" అని ఒకటి. ఇస్త్రీ వదిన మొగుడు బొగ్గులు కదిపే ఇనప కడ్డీ పట్టుకుని పరిగెత్తుకొచ్చి కింద దూర్చాడు. గడియ జారింది. షట్టరు మూలుగుతూ లేచింది.

లోపలి గాలి మొహానికి వేడిగా కొట్టింది. తెల్లటి పొగ, కాలిన పూత కంపు. కారు బానెట్ తెరిచి ఉంది. మా ఆయన ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. రబ్బరు గొట్టం ఇంకా చెవిలోనే ఉంది. తల భుజం మీదికి వాలింది. ఎంత హాయిగా నిద్రపోతున్నట్టున్నాడో చెప్పలేను.

"ఏవండీ" అన్నాను.

పలకలేదు.

నేను పాపని ఎన్నిసార్లు అలా పిలిచానో, ఎన్నిసార్లు పలక్కపోతే చచ్చి బతికానో, అదంతా ఈ ఒక్క పిలుపు కోసం నేర్చుకున్నట్టే ఉంది. ఏడవలేదు. చెంప మీద ఒకటి కొట్టాను. ఈ జన్మలో మొగుడి మీద చెయ్యి ఎత్తుతాననుకోలేదు. పలకలేదు. నేనూ ఇస్త్రీ వదిన మొగుడూ చెరో చంకా పట్టి వీధిలోకి ఈడ్చాం. ఇస్త్రీ ఆయన ఊపిరి బిగపట్టి లోపలికి వెళ్లి తాళం చెవి తిప్పి ఇంజను ఆపాడు.

ఆ నిశ్శబ్దంలో మా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది.

చాలాసేపటికి కక్కాడు. కళ్లు సగం తెరిచాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. నోరు మాత్రం కదిలింది.

"దొరికింది" అన్నాడు. "మూడో గొట్టం."

అప్పుడే ఇంకో చెంప కూడా వాయించి ఉండాల్సింది.

ఆస్పత్రిలో మొహానికి గాలి గొట్టం తగిలించారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. బండి పొగలో ఒక విషపు గాలి ఉంటుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. కంపు కొట్టేది పూతే, చంపేది అది కాదు. ఊపిరితో లోపలికి పోయి రక్తంలో మంచి గాలి చోటు ఆక్రమించుకుంటుంది. తలనొప్పి, వాంతి, నిద్ర. తర్వాత ఆ నిద్రలోనే పోతారు. "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? చంటిపిల్ల ఉందా? ఇంతకుముందు తలనొప్పులు వచ్చేవా?" అని అడిగింది. పాపకీ అత్తగారికీ కూడా రక్తం తీసి చూశారు.

కన్నం మీది చెక్క గుర్తొచ్చింది. చెక్క మీది చాప. చాప మీది బొమ్మలు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

బావగారు వచ్చాడు. వరండాలో అడుగు పెట్టకముందే మొదలెట్టాడు. "ఇంజను ఎవరు ఆపారు? సగం వేడిలో ఆపితే బోల్టులు ఏమవుతాయో తెలుసా ఎవరికైనా? షట్టరు ఎవరు పగలగొట్టారు? వాడు పొద్దున్నించి ఏమీ తినలేదు, కళ్లు తిరిగాయి, దానికింత రభసా?"

"నేనే పగలగొట్టాను" అన్నాను. "మీరు తీసేసిన మానిఫోల్డ్‌తో."

"చూడమ్మా, మగాళ్ల పనిలో..."

"మీ తమ్ముడు పలకలేదు బావగారూ. నేను పిలిచాను, పలకలేదు. ఇటుక మీరే తన్నారు."

"ఇటుకేమిటి, ఇటుక! మా నాన్న జీవితమంతా షట్టరు దించుకునే విన్నాడు. ఆయనకేం కాలేదే! నిక్షేపంలా బతికాడు."

నాకప్పుడు తట్టింది. అత్తగారు వాన పడ్డప్పుడల్లా చెప్పే సోదంతా ఒక్కసారిగా తట్టింది. "మీ నాన్నగారు విన్నది ఈ షెడ్డులో కాదు. ఆయన పోయాక కదా మీరు శ్లాబు పోసింది? ఆయన నెత్తిన ఉన్నవి రేకులు. అత్తయ్యా, చెప్పండి. ఆ రేకులెలా ఉండేవి?"

అత్తగారు బెంచీ మీద కొడుకు చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తల ఎత్తకుండా చెప్పింది. "అన్నీ చిల్లులేరా. వానొస్తే పెట్టడానికి గిన్నెలు చాలేవి కావు. గోడకీ రేకుకీ మధ్య జానెడు ఖాళీ. పిచికలు గూళ్లు పెట్టేవి. షట్టరు దించినా లోపల గాలే."

బావగారు నోరు తెరిచాడు. మాట రాలేదు. వీధిలో చెబితే ఎవరూ నమ్మరు గానీ, సైలెన్సర్ నోరు మూత పడడం నేను కళ్లారా చూశాను.

అక్కడితో మారిపోయాడని చెబితే కథ బాగుంటుంది. మారలేదు. తెరుచుకున్న నోరు మళ్లీ మూసి, మళ్లీ తెరిచి, "పెళ్లాల మాట విని షెడ్డు నడిపే రోజు వస్తే నేను వేరే షెడ్డు చూసుకుంటాను" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. ముసలి కారుని తాడు కట్టి లాక్కుపోయాడు. తండ్రి ఫొటో కూడా పట్టుకుపోయాడు. గోడ మీద తెల్లటి చదరం మిగిలింది.

మా ఆయన ఇంటికొచ్చాడు. కొన్నాళ్లు పానా చేతిలో పట్టుకుని పానా ఎక్కడుందని వెతికేవాడు. ఇప్పుడు బాగున్నాడు. షట్టరు పైకే ఉంటుంది. గడియలు రెండూ నేనే ఊడగొట్టించాను. పొగ గొట్టానికి పొడుగాటి రబ్బరు పైపు తొడిగి కొసని బయటికి వదులుతాడు. రబ్బరు గొట్టంతో వినడం మాత్రం మానలేదు. వీధి చప్పుడులో టిక్ దొరకడం కష్టంగా ఉందని ఒకసారి గొణిగాడు. నేను చూసిన చూపుకి మళ్లీ గొణగలేదు. నేలలో కన్నాన్ని సిమెంటు కలిపి నా చేత్తో నేనే పూడ్చాను. అత్తగారు నీళ్లు పోసింది. తలనొప్పి గురించి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకరోజు మాత్రం పాప పడుకుని ఉంటే ఆవిడ వంగి ముక్కు దగ్గర వేలు పెట్టడం చూశాను. నన్ను చూసి, "దోమ వాలింది" అంది.

బావగారికీ నాకూ మాటల్లేవు. రైలు గేటు దాటాక కట్టెల అడితి పక్క సందులో షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. నీలం షట్టరు. పైన శ్లాబు. ఒక్కడే ఉంటాడు. ఊరేగింపు అయిపోయింది, ఆ కారు వెళ్లలేదు. ఆసామి విసిగిపోయాడు గానీ బావగారు వదల్లేదు. ఆ మూడో గొట్టం దగ్గర టిక్ ఆగేదాకా నిద్ర పట్టదట. మధ్యాహ్నాలు షట్టరు దించుకుని వింటున్నాడట. అక్కడ బాదడానికి పిరికి పిట్ట ఏదీ లేదని టీ కొట్లో చెప్పుకుని నవ్వాడట.

మా ఆయన వెళ్లి చెప్పాడు, తిట్లు తిని వచ్చాడు. అత్తగారు వెళ్లింది, టీ తాగించి పంపాడు. నేను మా ఆయన చేత ఆ ఇటుకే పంపించాను. కారు దొర్లకుండా చక్రం కింద పెట్టుకున్నాడట. నేను స్వయంగా వెళ్తే పట్టుదలకి ఇంకో గడియ పెట్టుకుంటాడు.

ఆయన మీద నాకింకా కోపమే. చచ్చేదాకా ఉంటుంది. కానీ నా కూతురు పుట్టిన రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ "మా పిట్టకి పిల్ల పుట్టింది" అని చెప్పి చెప్పి, నర్సు మెడ పట్టి గెంటేదాకా చెప్పినవాడు కూడా ఆయనే. ఆ నోరు ఒక మధ్యాహ్నం ఎవరికీ తెలియకుండా ఆగిపోతుందేమోనని నాకు బట్టలారేస్తున్నప్పుడల్లా అనిపిస్తుంది. ఇక్కడినుంచి ఎంత చెవి పెట్టినా అక్కడి ఇంజను వినపడదు.

మీరు అటు వెళ్తుంటే ఒక్కసారి ఆ సందులోకి తొంగి చూడండి. షట్టరు కింద ఇటుక ఉందేమో చూడండి. ఇటుక లేకుండా, షట్టరు నేలకి ఆని, లోపల ఇంజను లేవకుండా దిగకుండా ఒకే తీరుగా మోగుతుంటే, మొహమాట పడకండి. బాదండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. లోపల్నించి ఆయన మిమ్మల్నీ, మీ ముందు ఏడు తరాలనీ తిడతాడు. తిట్టాడంటే బతికున్నాడని అర్థం, మీ దారిన మీరు వెళ్లిపోండి. తిట్టు వినపడకపోతే మాత్రం వెళ్లకండి. పగలగొట్టండి.